ఎండుగడ్డిలో గలగల

తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి బయటపడ్డారు. ఇంట్లో ఇంకా ఎవరూ లేవలేదు. మే నెల చివరి శనివారం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వీధులు ఖాళీగా ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్ ఎవెన్యూ కొసకు వచ్చి కారు దిగేసరికి ఆరున్నర దాటింది. ఆ చిన్న పార్కింగ్ స్థలం అప్పుడే సగం నిండిపోయింది. చలిగా ఉంది. చెంపలకు తేమ తగులుతోంది. తలెత్తి చూస్తే మిషన్ పీక్ కొండ సగమే ఉంది. రాత్రి శాన్ ఫ్రాన్సిస్కో బే మీంచి పాకి వచ్చిన మంచుమబ్బు దాన్ని నడుం పైనుంచి కప్పేసింది.

అక్క మీకంటే ముందే వచ్చి లేసులు బిగించుకుంటోంది. పదేళ్ళుగా ఈ కొండల్లో పరిగెడుతున్న మనిషి. లేచి, మీ వీపు సంచిని ఒక చేత్తో ఎత్తి బరువు చూసింది.

"నీళ్ళెన్ని పెట్టావు?"

"లీటరుంటుంది అక్కా. చల్లగానే ఉంది కదా."

"ఈ మబ్బును నమ్మకు. తొమ్మిదింటికల్లా ఉండదు. ఇంకో లీటరు పోస్తాను, పట్టు. పైన చుక్క దొరకదు."

ఉప్పు, నిమ్మకాయ పిండిన నీళ్ళు ఒక సీసాలో, ఉత్త నీళ్ళు ఇంకో సీసాలో. నాలుగు పల్లీచిక్కీలు. టోపీ. మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పర్మిట్ కాగితం. దాని వెనకే మ్యాపు. మీ చెయ్యి మాటిమాటికీ ఆ కాగితం మీదికే పోతోంది. ఒలోనీ వైల్డర్నెస్ ట్రైల్ మొదలయ్యేది ఇక్కడే. మిషన్ పీక్ మీంచి అవతలికి దిగి, సునోల్ లోయ దాటి, మళ్ళీ ఎక్కి, 28 మైళ్ళ తర్వాత లివర్‌మోర్ దగ్గర డెల్ వాయె చెరువు గట్టున ముగుస్తుంది. అక్కతో ఒప్పుకున్నది సునోల్ దాకానే, 9 మైళ్ళు. అక్కడ బావగారు కారు పెట్టుకుని ఉంటారు. కానీ ఒంట్లో సత్తువ ఉంటే మొత్తం పూర్తి చేసేద్దామని మీ మనసులో ఉంది. ఆ మాట ఇంకా అక్కతో అనలేదు.

గేటు దాటారు. వెడల్పాటి మట్టి రోడ్డు. పైన సన్న గులక. గచ్చు మీద రాగులు ఒలికితే కాలు ఎలా జారుతుందో అలా జారుతోంది. శిఖరం ఇక్కణ్ణుంచి 3 మైళ్ళు. ఎక్కాల్సిన ఎత్తు రెండు వేల అడుగుల పైమాటే. అలిపిరి మెట్లెక్కి తిరుమల వెళ్ళిన కాళ్ళయితే ఈ ఎక్కుడు మీకు తెలిసినదే. అక్కడ 3,550 మెట్లున్నా తల మీద కప్పు ఉంటుంది, దాహమేస్తే అమ్మేవాళ్ళుంటారు. ఇక్కడ మెట్లు లేవు, కప్పు లేదు, చెట్టు నీడ కూడా దాదాపు లేదు.

మీరు పరుగు అందుకున్నారు. పది నిమిషాలు. పిక్కలు బిగుసుకున్నాయి. ఊపిరి ఈలలా వస్తోంది. పక్కకు చూస్తే అక్క నడుస్తోంది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఒళ్ళు కాస్త ముందుకు వంచి, గబగబా నడుస్తోంది. విచిత్రంగా మీకంటే వెనకబడలేదు.

"నిట్రంలో పరిగెత్తి ఏం సాధిస్తావు? నడు. సమంగా ఉన్నచోట పరిగెడదాం."

నడిచారు. గుండె దడ తగ్గింది. కొండదారి పరుగు నేర్చుకునేవాళ్ళు ముందు నేర్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం. అనుభవం ఉన్నవాళ్ళు నిట్టెక్కుడులో నడుస్తారు. కొత్తవాళ్ళు మాత్రం పరిగెత్తి పరిగెత్తి ఒకటో మైలు దగ్గర బండ మీద కూలబడతారు.

మలుపు తిరగ్గానే దారి మధ్యలో నల్లటి ఆవు. దాని వెనక దూడ. మీకు ఆవులు కొత్త కాదు, చెయ్యి చాచబోయారు. అక్క భుజం పట్టి ఆపింది. ఇవి ఇంటి ఆవులు కావు, మాంసం కోసం పెంచే మంద. మనిషి చెయ్యి ఎరగవు. తల్లికీ దూడకీ మధ్యలోకి పోతే కుమ్ముతుంది. పార్కులో ఆవులెందుకు అని మీకు అనుమానం వచ్చింది కదా. 1934 నుంచి ఉన్న ఈస్ట్ బే ప్రాంతీయ పార్కుల సంస్థ చూసుకునే నేల ఇది. ఇక్కడ గడ్డి ఎండి నిలబడిపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. ఆవులు మేసిన మేరకు మంటకు మేత తగ్గుతుంది. అందుకే దారిలో ఎన్ని గేట్లు వస్తే అన్నిటినీ ఎలా ఉన్నవి అలాగే వదలాలి. మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. ఆవుకు దూరంగా, పల్లం వైపు నుంచి చుట్టు తిరిగి వెళ్ళారు. అది తల తిప్పి మిమ్మల్ని చివరిదాకా చూసింది.

మబ్బులోకి వచ్చేశారు. పది గజాల అవతల ఏమీ లేదు. కనురెప్పల మీద నీటి పూస. అక్క అడుగుల చప్పుడే దారి చూపిస్తోంది. ఆఖరి నిట్రంలో బండలు, గుల్లరాళ్ళు. చేతులు కూడా వాడాల్సి వచ్చింది. ఒక అడుగు, ఇంకో అడుగు. ఉన్నట్టుండి నెత్తిన వెచ్చగా తగిలింది. ఎండ.

మబ్బు మీ కాళ్ళ కింద ఉంది. మీరు 2,517 అడుగుల ఎత్తున నిలబడ్డారు. పడమట బే లేదు, సిలికాన్ వ్యాలీ లేదు, మీ ఆఫీసు లేదు. అంతా తెల్లటి దూదిపొలం. దక్షిణాన మౌంట్ హామిల్టన్ మీద లిక్ అబ్జర్వేటరీ గుమ్మటం తెల్లగా మెరుస్తోంది. ఉత్తరాన మౌంట్ డయాబ్లో. మీ పక్కనే ఇక్కడ అందరూ ఫోటో దిగే స్తంభం, దాని ఒంటినిండా దూరపు చోట్లకు గురిపెట్టిన గొట్టాలు. దాన్ని పట్టుకుని ఫోటో దిగడానికి అప్పుడే ఓ పదిమంది వరసలో ఉన్నారు. ఆ వరసలో ముగ్గురు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఒకాయన వాళ్ళమ్మగారికి వీడియో కాల్‌లో కొండ చూపిస్తున్నాడు.

ఫోటో అయిపోయాక వాళ్ళంతా వచ్చిన దారినే దిగిపోతారు. ఏళ్ళ తరబడి ఫ్రీమాంట్‌లో ఉండి, ఈ కొండను పాతికసార్లు ఎక్కి, అవతలి వైపు ఒక్కసారి కూడా చూడనివాళ్ళు నాకు చాలామంది తెలుసు. అది చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఈ కొండ అందమంతా తూర్పున ఉంది.

అక్క మీ వంక చూసింది. వెనక్కా? అవతలికా? మీరు తూర్పుకు తిరిగారు.

పదిహేను నిమిషాల్లో మనిషి అలికిడి ఆగిపోయింది. మీ షూ చప్పుడు, గాలి, గడ్డి. అంతే. కొండ మీద కొండ, మడత మీద మడత, అన్నీ కోతకొచ్చిన వరిచేను రంగులో ఉన్నాయి. మూడు నెలల కింద ఇదంతా పచ్చ. ఇక్కడ వాన చలికాలంలో పడుతుంది, ఎండాకాలమంతా చినుకుండదు. మన నైరుతి వానల అలవాటుకు ఇది పూర్తిగా తిరగబడిన లెక్క. సంక్రాంతికి ఈ కొండలు పచ్చగా ఉంటాయి, ఏరువాక నాటికి ఎండిపోతాయి.

సాక్సులో ఏదో గుచ్చుకుంటోంది. ఆగి లాగి చూశారు. గోధుమరంగు గింజ, దానికి వంకీ తిరిగిన నల్లటి మీస. అడవి ఓట్స్. పారేయకండి. అరచేతిలో పెట్టుకుని ఆ మీస మీద కాస్త ఉమ్మి తడి చేసి చూడండి. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. కదిలింది! మీస తనంతట తానే మెలి విప్పుకుంటూ గడియారం ముల్లులా తిరుగుతోంది. తడి తగిలితే ఒకవైపు, ఆరితే ఇంకోవైపు. అలా తిరిగి తిరిగి గింజ తనను తానే నేలలోకి దించేసుకుంటుంది. మీ సాక్సులోకి దిగిందీ అలాగే. ఈ గడ్డి ఈ నేలది కాదు. స్పెయిన్ వాళ్ళతో, వాళ్ళ పశువులతో మధ్యధరా తీరం నుంచి వచ్చింది. కొండ కింద వాళ్ళు 1797లో స్థాపించిన మిషన్ శాన్ హోసే అనే క్రైస్తవ మఠం వల్లే దీనికి మిషన్ పీక్ అన్న పేరు. అంతకు ముందు ఇక్కడ ఏళ్ళ తరబడి బతికే, వేళ్ళు లోతుగా దిగే గడ్డి దుబ్బులుండేవి. ఊదారంగు కంకి వేసే ఆ సూదిగడ్డి ఇప్పుడు కాలిఫోర్నియా రాష్ట్రపు గడ్డి. దాన్ని వెతుక్కుని చూడాలి. కొత్తగా వచ్చిందేమో కొండంతా కప్పేసింది.

దిగుడు మొదలైంది. "చిన్న అడుగులు వెయ్. మడమ మీద బ్రేకు వెయ్యకు. కళ్ళు మూడడుగుల ముందుండాలి" అని అక్క వెనకనుంచి అంటోంది. పొడవాటి అంగలు వేస్తే ప్రతి అడుగూ మోకాలికి దెబ్బే. రేపు మెట్లు దిగేటప్పుడు తొడలు ఏడుస్తాయి. చిన్నగా, చకచకా, కుట్టుమిషను సూదిలా. అలవాటు పడ్డారు. ఇప్పుడు కొండే మిమ్మల్ని తీసుకుపోతోంది.

నీడ! మొదటి ఓక్ చెట్టు కింద ఆగిపోయారు. ఆకు తెంపి చూడండి. చిన్నది, గట్టిది, బోర్లించిన పడవలా ఉబ్బి, అంచున ముళ్ళు. ఇది ఏడాదంతా పచ్చగా ఉండే కోస్ట్ లైవ్ ఓక్. ఇంకాస్త దిగితే నీలిబూడిద రంగు ఆకుల బ్లూ ఓక్. లోయ అడుగుకు పోతే మర్రిమానులా చేతులు చాచిన వ్యాలీ ఓక్, చేతి వేళ్ళలా చీలిన ఆకులతో. మూడూ మూడు రకాల నీడ.

పైన టకటక. తలెత్తండి. ఎర్ర టోపీ వడ్రంగి పిట్ట, దాని కింద ఎండిన మాను. మాను బెరడంతా చిల్లులు. జల్లెడ కూడా అంత వరసగా ఉండదు. ప్రతి చిల్లులో ఒక ఓక్ కాయ, సీసాకు బిరడా బిగించినట్టు. కాయ ఎండి కుదించుకుపోతే దాన్ని పీకి ఇంకాస్త చిన్న చిల్లులోకి మారుస్తాయి. ఒక్క మానుకు వేల చిల్లులుంటాయి. ఆ గాదెను కుటుంబమంతా కలిసి కాపలా కాస్తుంది.

కింద రాలిన పాత కాయ ఒకటి మీ చేతికి దొరికింది. కొరక్కండి, చేదు విషం. కానీ ఈ చేదు కాయే వేల ఏళ్ళు ఇక్కడి ఒలోనీ జనానికి అన్నం. ఎండబెట్టి, పెంకు తీసి, రోట్లో దంచి, ఆ పిండిని నీళ్ళు పోసి పోసి చేదంతా పోయేదాకా కడిగి అంబలి కాచుకునేవాళ్ళు. మన మన్యంలో మామిడి టెంకలోని పప్పును దంచి, సెలయేటి నీళ్ళలో చేదు తీసి అంబలి కాచుకున్నవాళ్ళకు ఈ పని చెప్పనక్కర్లేదు. సముద్రాల అవతల ఇద్దరికీ ఒకే ఉపాయం తట్టింది. మీరు ఆ కాయను చిక్కీ పక్కన జేబులో వేసుకున్నారు. మళ్ళీ తీసి, అక్కడే పెట్టేశారు. అది ఆ పిట్టలది.

"అటు చెయ్యి పెట్టకు!"

మీరు ఆనుకోబోయిన కొమ్మ మీదికి ఏదో తీగ పాకి ఉంది. మూడేసి ఆకులు, నిగనిగలాడుతున్నాయి, అంచులు ఎర్రబడుతున్నాయి. పాయిజన్ ఓక్. పేరులో తప్ప ఓక్ కాదు, జీడిమామిడికి, మామిడికి చుట్టం. పచ్చి మామిడికాయ సొన తగిలి మూతి కాలినట్టు, చాకలి బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి తగిలి చెయ్యి బొబ్బలెక్కినట్టు, దీని నూనె తగిలినా ఒళ్ళు బొబ్బలెక్కి రెండు మూడు వారాలు దురద. ఆకు రాలిన చలికాలంలో మోడు కొమ్మ తగిలినా అంతే. తగిలిందనుకుంటే ఆలస్యం చెయ్యకుండా సబ్బుతో, చల్లటి నీళ్ళతో కడగాలి. బట్టలు కూడా. మీరు చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని నడిచారు.

దారి సన్నబడింది. ఇద్దరు పక్కపక్కన పట్టరు. మీరు ముందు, అక్క వెనక. ఎడమన మోకాలెత్తు ఎండుగడ్డి, కుడిన ఓక్‌ల నీడ. ఎండ బాగా ఎక్కింది. మబ్బు ఎప్పుడు కరిగిపోయిందో తెలియలేదు. కాళ్ళు వాటంతటవే తిరుగుతున్నాయి. వెలుగు, నీడ, వెలుగు, నీడ. హాయిగా ఉంది. ఈ ఊపు చూస్తే 28 మైళ్ళూ లెక్కలోవి కావనిపిస్తోంది. ముందు ఒక ఎండుకొమ్మ దారికి అడ్డంగా పడి ఉంది. తొడంత లావు. దూకేద్దాం.

గలగల.

"ఆగు!"

ఆగారు. ఒక కాలు ముందుకు. ఊపిరి లోపలే ఉండిపోయింది.

ఎక్కడ?

చప్పుడు ఎడమ నుంచా? కుడి నుంచా? అన్ని వైపుల నుంచీ. ఎండు జనుము కాయలు గుప్పెట్లో పట్టి ఆపకుండా ఊపుతున్నట్టు.

కదలకండి. చూడండి. ముందు చూడండి.

కొమ్మ అవతల. వెలుగూ నీడా కలిసే చోట. మట్టి. కాదు, మట్టి కాదు. చుట్ట. ముదురు మచ్చలు. వెడల్పాటి తల. తోక నిటారుగా లేచి ఉంది. కొస కనిపించడం లేదు. అంత వేగం.

నాలుగడుగులు. అంతే ఉంటుంది.

దూకి ఉంటే దాని మీదే.

"వెనక్కి." అక్క గొంతు లోతుగా, నిమ్మళంగా ఉంది. "మెల్లగా. దాన్నే చూస్తూ."

ఒక అడుగు.

గలగల.

మడమ కింద రాయి. తడబడకండి. పాదం ఆనించండి. ఇంకో అడుగు.

నాలుక బయటికి, లోపలికి.

ఇంకో అడుగు.

చప్పుడు సన్నగిల్లింది. ఆగింది.

ఇంకో రెండు అడుగులు. అక్క చెయ్యి మీ వీపుకు తగిలింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎంతసేపో. అది చుట్ట విప్పుకుంది. తొందరేమీ లేదు దానికి. ఎండుగడ్డిలోకి తల పెట్టింది. గడ్డి కాస్త కదిలింది. ఇక లేదు.

మోకాళ్ళు వణుకుతున్నాయి. కూర్చోండి, ముందు కింద చూసుకుని. నీళ్ళు తాగండి. చిక్కీ ముక్క నోట్లో వేసుకోండి.

అది గిలకపాము, రాటిల్‌స్నేక్. ఈ కొండల్లో మనిషికి ప్రమాదమైన విషపు పాము ఇదొక్కటే. మన రక్తపింజరి కుటుంబానిదే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఇలాంటి ఎండపొడ చోట్లలో కనిపిస్తుంది. తోకన ఉన్నవి మన గోళ్ళలాంటి గట్టి గుల్లలు. కుబుసం విడిచినప్పుడల్లా ఒకటి చేరుతుంది. మీకు జనుము కాయలు గుర్తొచ్చాయంటే ఊరికే కాదు. జనుముకు వృక్షశాస్త్రంలో పేరు క్రోటలేరియా. ఈ పాముకు పేరు క్రోటలస్. గలగలలాడేదానికి గ్రీకులో ఉన్న ఒకే మాట నుంచి రెండూ వచ్చాయి.

తన ఒంటి పొడవులో సగం దూరం దాకా కాటేయగలదు. మీరు దానికి అవతలే ఉన్నారు, కానీ ఒక్క దూకులో లోపల ఉండేవారు. అడ్డంగా పడిన కొమ్మను దూకకూడదు. దాని మీద కాలు పెట్టి, అవతల ఏముందో చూసి, అప్పుడు దిగాలి.

"కరిచి ఉంటే ఏం చేసేవాళ్ళం అక్కా?"

"నీ చేతి గడియారం తీసేసేదాన్ని, వాపు వస్తుంది కాబట్టి. 911కి ఫోను చేసేదాన్ని. సిగ్నల్ లేకపోతే నిన్ను మెల్లగా నడిపించి తీసుకెళ్ళేదాన్ని. పరిగెత్తనివ్వను."

"కట్టు కట్టవా?"

"కట్టు కట్టను. కొయ్యను. నోటితో పీల్చను. ఐసు పెట్టను. మందు ఆస్పత్రిలోనే ఉంది. ఎంత తొందరగా అక్కడికి చేరితే అంత మంచిది."

ఈ మాట రెండుసార్లు చదవండి. పొలం గట్ల మీద పెరిగిన మనందరి చేతులూ పాము అనగానే తాడు కోసం వెతుకుతాయి. ఆ అలవాటు ఇక్కడా, అక్కడా వదులుకోవలసిందే.

పక్కన బండ మీద తొండ ఒకటి మిమ్మల్నే చూస్తూ దండీలు తీస్తోంది. కడుపు కింద నీలిరంగు. దాన్ని తక్కువగా చూడకండి. ఈ గడ్డిలో పిడుదులుంటాయి, వాటిలో కొన్ని లైమ్ జబ్బు మోస్తాయి. ఆ పిడుదు ఈ తొండ రక్తం తాగితే చాలు, పిడుదు కడుపులోని లైమ్ క్రిమి చచ్చిపోతుంది. అయినా ఇంటికెళ్ళాక మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చెవుల వెనక వెతుక్కోవడం మానకండి.

లేచారు. ఇప్పుడు మీరు వెనక, అక్క ముందు.

కలవేరాస్ రోడ్డు దాటేసరికి నేల వేడి షూ లోంచి తెలుస్తోంది. గాలి ఆగిపోయింది. సునోల్ లోయలో సికమోర్ చెట్ల కింద కారు, దాని డిక్కీ మీద కూర్చుని బావగారు. సమయం పది కావస్తోంది. కారులో చూపిస్తున్న ఉష్ణోగ్రత 91 ఫారెన్‌హీట్.

"ఎలా ఉంది? దిగుతారా, పోతారా?" అన్నారు బావగారు. "పోతానంటే నేను డెల్ వాయె దగ్గర ఉంటాను. అక్కణ్ణుంచి అటే లివర్‌మోర్ గుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని ఇంటికి పోదాం."

ఇదిగో, పొద్దుట్నుంచి మీరు ఎదురుచూసిన ప్రశ్న. మ్యాపు తీశారు. ఇంకా 19 మైళ్ళు. ముందు నిట్టెక్కుడు. తర్వాత రోజ్ పీక్, 3,817 అడుగులు. మౌంట్ డయాబ్లో కంటే 32 అడుగులే తక్కువ. దారి పొడుగునా నంబర్లేసిన గుర్తు స్తంభాలున్నాయి కాబట్టి తప్పిపోయే భయం లేదు. 2020 ఆగస్టులో చినుకు లేని ఉరుముల మెరుపులకు అంటుకుని దాదాపు 4 లక్షల ఎకరాలు కాల్చేసిన ఎస్‌సియు మంటలు ఆ కొండల మీదికీ వచ్చాయి. మసిబారిన మానుల మొదట్లోంచి ఓక్‌లు మళ్ళీ చిగిర్చాయి. ఆ చిగుళ్ళు చూడాలని మీకు ఎంత ఆశగా ఉందో.

"నేను పోతాను" అన్నారు.

అక్క మాట్లాడలేదు. మీ ముంజేయి పట్టుకుని చూసింది. మీరూ చూశారు. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒళ్ళంతా గగుర్పాటు. ఇంత ఎండలో చలి.

"నీళ్ళెంత మిగిలాయి?"

సంచి ఊపారు. చప్పుడు లేదు.

"తల ఎలా ఉంది?"

తిరుగుతోంది. కొద్దిగా. కొండ దిగినందుకనుకున్నారు.

"ఇవాళ నెల ఏమిటి?"

"మే."

"తేదీ?"

చెప్పబోయారు. రాలేదు.

కూర్చున్నారు.

టోపీ తడిపి నెత్తిన పెట్టింది. మెడ వెనక, చంకల కింద తడిగుడ్డ. ఉప్పు నీళ్ళు, గుక్క గుక్క. ఎండదెబ్బకు ముందు ఇలాగే ఉంటుంది, గగుర్పాటుతో, తలతిప్పుతో. ఇక్కడ ఆగితే నీడ, నీళ్ళు, అరగంట విశ్రాంతి చాలాసార్లు సరిపోతాయి, కానీ తికమక పోకపోతే 911 పిలవాలి. ఆగకపోతే ఒంటి వేడి 104 ఫారెన్‌హీట్ దాటుతుంది, మాట తడబడుతుంది, మనిషి ఎక్కడున్నాడో తనకే తెలియదు. అప్పుడది 911 పిలవాల్సిన ఎండదెబ్బ. నిట్టెక్కుడు మధ్యలో, సిగ్నల్ లేని చోట, చెట్టు లేని కొండవాలున. ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగడమూ పరిష్కారం కాదు. చెమటతో పోయిన ఉప్పు తిరిగి పడాలి. దాహమేసినంత తాగాలి, ఉప్పుతో తాగాలి.

ఇరవై నిమిషాల్లో గగుర్పాటు పోయింది. తేదీ కూడా గుర్తొచ్చింది. అలమీడా వాగు పక్కనే పారుతోంది, సన్నబడి, రాళ్ళ మధ్య వెతుక్కుంటూ. షూ విప్పి పాదాలు అందులో పెట్టారు. పర్మిట్ కాగితం తీసి అక్కకిచ్చారు.

"దాచు. దీని మీదే మళ్ళీ వద్దాం."

"ఎప్పుడు?"

"చలికాలంలో."

ఇంత దూరం కలిసి వచ్చారు కాబట్టి మీకో మాట. మొదటిసారి ఎండాకాలంలో రాకండి. ఫిబ్రవరిలో రండి. వానకు ఈ కొండలన్నీ వరినాట్ల పచ్చగా ఉంటాయి, వాగుకు గొంతు వస్తుంది, నల్లరేగడిలా బంకమట్టి షూకు పట్టి ఒక్కో కాలు రెండు కాళ్ళ బరువవుతుంది. దానికీ సిద్ధపడి రండి. లేదా ఏప్రిల్లో రండి, గసగసాల కుటుంబపు పూలు వాలుల మీద అక్కడక్కడా నారింజరంగు పరుస్తాయి. ఒంటరిగా రాకండి. రెండు లీటర్ల నీళ్ళు, ఉప్పు, టోపీ, మ్యాపు తెచ్చుకోండి. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి రండి. గేటు తెరిచే వేళకు స్టాన్‌ఫర్డ్ ఎవెన్యూ కొసన ఉండండి. శిఖరం మీద స్తంభం దగ్గర ఫోటో దిగండి, తప్పేం లేదు. దిగాక తూర్పుకు తిరగండి.